అతని తెలుగులో నేను కట్టిన పాటలు

మా ఆయన పాటలు రాసేవాడు. ఈ మాట చెప్పగానే అందరూ "ఏ సినిమాకండీ?" అని అడుగుతారు. సినిమాలకు కాదు. గిటారు, డ్రమ్ములు పెట్టుకుని గొంతు చించుకుని పాడే రాక్ పాటలు రాసేవాడు. అదీ తెలుగులో, అందులోనూ బోరబండ తెలుగులో. ఈ ఊళ్ళో అలాంటి పాటలు మొదలుపెట్టిన తొలి నలుగురైదుగురిలో అతనొకడు. తర్వాత వచ్చిన కుర్రాళ్ళంతా అతను వేసిన బాటలోనే నడుస్తున్నారని మా బ్యాండులో డ్రమ్స్ వాయించినతను ఇప్పటికీ అంటాడు. నేను పెళ్ళాన్ని, నా మాటకు అంత విలువుండదు కాబట్టి నేను అనను.

మా అమ్మ ముందు 'ఆయన' అనేదాన్ని. మిగతా అందరి దగ్గరా 'అతను'. ముందు ఒకే బ్యాండులో పాడుకున్నవాళ్ళం, ఆ తర్వాతే మొగుడూ పెళ్ళాలం. ఇక్కడ కూడా అతను అనే రాస్తాను.

మాది కాకినాడ. నాన్నది ప్రభుత్వోద్యోగం. బదిలీ మీద హైదరాబాదు వచ్చి చందానగర్‌లో ఇల్లు తీసుకున్నాం. చదువయ్యాక నాకు మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఎవరి కంప్యూటర్ మొరాయించినా వచ్చి సరిచేసే బృందం ఒకటి అక్కడ ఉండేది. అతను అందులో పనిచేసేవాడు. నేను లోకల్ రైల్లో చందానగర్ వైపు నుంచి వచ్చేదాన్ని, అతను బోరబండ వైపు నుంచి. ఇద్దరం హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, మెట్ల మీద ఒకరినొకరు చూసుకుని, పలకరించుకోకుండా వేర్వేరు షేర్ ఆటోలెక్కి ఒకే ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం.

అతని నాన్న జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. ఎంత సబ్బు రుద్దుకున్నా ఆయన ఒంటి మీద మందుల వాసన పోయేది కాదట. "మా బాపు వస్తున్నడంటే గల్లీ మొదట్లనే తెలుస్తుండె," అని నవ్వేవాడు. నాన్న పోయాక కూడా ఏదైనా ఆసుపత్రి వరండాలో ఆ వాసన తగిలితే టక్కున ఆగిపోయేవాడు.

బోరబండ గల్లీల్లో పెళ్ళికీ డప్పే, చావుకీ డప్పే. అతనికి నడక వచ్చేనాటికే దెబ్బ వచ్చిందని వాళ్ళమ్మ చెప్పేది. చెంబు దొరికితే చెంబు, తలుపు దొరికితే తలుపు. పక్కింటి ఆటో డ్రైవర్ దగ్గరికి ఎక్కణ్నుంచో ఒక ఇంగ్లిష్ క్యాసెట్ వచ్చి పడింది. అదే అతను విన్న మొదటి రాక్ పాట. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పించుకున్నానో.

"ఒక్క ముక్క సమజ్ కాలే. గానీ ఆ దెబ్బ సమజ్ అయింది. అరే, గిది మా తీన్మారే గదా, గీళ్ళకెట్ల తెలిసింది అనుకున్న."

జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఒక గిటారు దొరికితే కొనుక్కున్నాడు. దానికి ఒక తీగ లేదు. చాలా కాలం ఆ లేని తీగ సంగతి తెలియక, గిటారుకు ఐదే తీగలనుకుని నేర్చుకున్నాడు. అందుకే అతని వేళ్ళు కొన్ని స్వరాలను ఎవరూ పట్టని చోట పట్టేవి.

ఆఫీసులో వార్షికోత్సవం కోసం ఒక బ్యాండు కట్టారు. గిటారు వాయించే ఒకతను, డ్రమ్స్ వాయించేతను, కీబోర్డు మీద నేను. నేను చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నానని ఎవరో చెప్పారట. పాడ్డానికి అతను వచ్చాడు. శనివారాలు బేస్‌మెంట్ పార్కింగ్‌లో సాధన. అందరం అప్పటికి చెల్లుబాటయ్యే ఇంగ్లిష్ పాటలే వాయించేవాళ్ళం. ఒకరోజు అతను మైకు పక్కన పెట్టి, "తెలుగుల పాడుదాం," అన్నాడు.

గిటారతను నవ్వేశాడు. "తెలుగు రాక్‌కి సూట్ కాదు బాస్. ప్రతి మాటా అచ్చుతో సాగుతుంది. జోలపాటలా ఉంటుంది."

"గది వీళ్ళ తెలుగు," అని నా వైపు చూపించాడు. "వస్తారా అండీ, వెళ్తారా అండీ అని సాగదీస్తరు. మాది గట్ల కాదు. వస్తవా? రాను. పోతవా? పోను. దెబ్బ మీద దెబ్బ. సూడు."

అక్కడే పార్కింగ్ స్తంభం మీద అరచేత్తో కొడుతూ ఒక పాట పాడాడు. రోజూ రైల్లో వస్తూ కట్టిన పాట. కాగితం మీద ఏదీ రాసుకునేవాడు కాదు. బోరబండలో ఎక్కేటప్పుడు మొదటి మాట తడితే, హైటెక్ సిటీలో దిగేసరికి చరణం తయారయ్యేది.

జర ఆగవే రైలూ, జర ఆగవే
ఒళ్ళెక్కింది గానీ నా మనసెక్కలే

గిటారతను నవ్వడం మానేశాడు. డ్రమ్స్ అతను అప్పటికే కర్రలు అందుకున్నాడు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, ఏ మెట్టు నొక్కాలో తోచక, అతని నోటి వైపే చూస్తూ ఉండిపోయాను. ప్రేమ అప్పుడే మొదలైందని తర్వాత అనుకున్నాను గానీ, ఆ పూట మాత్రం ఆ 'అండీ' వెక్కిరింపుకి కోపంగానే ఉంది.

వార్షికోత్సవం రోజు ఆఫీసు ముందు పచ్చికలో స్టేజీ వేశారు. రెండు ఇంగ్లిష్ పాటలయ్యాక రైలు పాట ఎత్తుకున్నాం. ముందు వరసల్లో మేనేజర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పల్లవి అయినా ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అంతలో గేటు దగ్గర క్యాబులు ఆపుకుని నిలబడ్డ డ్రైవర్ల నుంచి ఒక ఈల వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. రెండో చరణానికి కుర్చీల్లో వాళ్ళు కూడా లేచారు. పాట అయిపోయాక ఇంకోసారి పాడమన్నారు. ఆ రోజు నుంచి మా బ్యాండుకు ఆదివారమంటూ లేకుండా పోయింది.

కాలేజీ పండగలు, కంపెనీల వేడుకలు, జూబ్లీహిల్స్‌లో తెలుగు పాటంటే మొహం చిట్లించిన పబ్బులు కూడా పిలిచాయి. యూసుఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో కొన్ని పాటలు రికార్డు చేశాం. కిరాయి ఇంటి ఓనరు మీద ఒక పాట, ఫ్లైఓవర్ కింద నిలిచిన వాన నీళ్ళ మీద ఒకటి, ఫ్యాక్టరీ నుంచి వచ్చి అలసిపోయి, కూర్చునే నిద్రపోయే నాన్న మీద ఒకటి. ఆ చివరి పాట పాడుతుంటే కేకలు వేసే కుర్రాళ్ళు కూడా చప్పుడు చేయకుండా నిలబడేవాళ్ళు.

ఆ రోజుల్లోనే పెళ్ళి చేసుకున్నాం. మా వాళ్ళు కొన్నాళ్ళు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడారు. వాళ్ళమ్మను నేను మొదటిసారి "అత్తయ్యగారండీ" అని పిలిస్తే ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గారు ఎందుకు, అండి ఎందుకు బిడ్డా? అత్తమ్మా అను, సాలు."

ఒక సినిమా సంగీత దర్శకుడు కబురు పెట్టాడు. అతను చాలా ఆశతోనే వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే గుడికి కూడా వెళ్ళొచ్చాడు. రైలు పాట కావాలన్నారు గానీ మాటలు మార్చమన్నారట. రైలు బదులు పిల్ల, 'మనసెక్కలే' బదులు అందరికీ అర్థమయ్యేది ఏదైనా. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "గా పాటల మనసెక్కకపోతే ఇగ ఏముంటదే?" అన్నాడు. మళ్ళీ అటు పోలేదు.

బ్యాండు ఎవరితోనూ గొడవపడి విడిపోలేదు. నెమ్మదిగా సాధనకు వచ్చేవాళ్ళు తగ్గారు. గిటారతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. డ్రమ్స్ అతను పెళ్ళి చేసుకుని కొంపల్లి అవతలికి మారాడు. కొత్త పిల్లలు కొత్త పాటలతో వచ్చారు. నేను ఉద్యోగం చేస్తూనే ఉన్నాను. అతను కొత్త అపార్టుమెంట్ల ప్రకటనలకు పాటలు రాయడం మొదలుపెట్టాడు. ఈత కొలను ఉంది, పిల్లల పార్కు ఉంది, రండి రండి అనే పాటలు. మేముండేది కొండాపూర్‌లో గాలి ఆడని రెండు గదుల ఇంట్లో. రేడియోలో ఆ పాటొస్తే ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు పూర్తిగా నవ్వేనని ఇప్పుడు చెప్పలేను.

ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాను, "ఇన్ని పాటలు రాశావు, నా మీద ఒక్కటీ లేదేం?" అని. అడగడానికి కారణం ఉంది. అతని మొట్టమొదటి పాట ఒక అమ్మాయి మీద. నేను పరిచయం కాకముందు, బోరబండ స్టేషన్‌లో రోజూ చూసిన అమ్మాయి. ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదట, ఒకరోజు నుంచి కనిపించడం మానేసిందట. ఆ పాట పల్లవిలో ఆమె పేరే మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందరూ కోరి మరీ పాడించుకునే పాట.

అతను ఉల్లిపాయలు తరుగుతున్నవాడు చాకు ఆపి నా వైపు చూశాడు. "నీ మీద పాటెందుకే? నువ్వు ఎదురుంగనే ఉన్నవ్ గద. పాట ఎదురుంగ లేనోళ్ళ కోసం."

ఆ సమాధానం నాకు నచ్చింది. చాలా ఏళ్ళు దాన్ని నగలా దాచుకున్నాను.

నలభై దాటాక అతనికి మళ్ళీ పాటలు రావడం మొదలైంది. సంతోషంతో ఇల్లంతా తిరిగేవాడు. స్నానాల గదిలో కూనిరాగం, బాల్కనీలో కూనిరాగం. ఏమిటవి అని అడిగితే చెప్పేవాడు కాదు. ఒక గురువారం సాయంత్రం మాత్రం, "మంచిగొచ్చినయ్. ఎన్నడూ గిట్ల రాలే. ఆదివారం కూసో, అన్నీ వినిపిస్త," అన్నాడు.

శుక్రవారం పొద్దున నేను డబ్బాలు సర్దుతున్నాను. అతను స్నానం చేసి చొక్కా గుండీలు సగం పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇగ," అన్నాడు. "ఇగ... ఇగ..." ఏదో పాట పాడబోతున్నాడనుకుని నవ్వుతూ తలెత్తాను. అతని నోరు ఒక పక్కకి వంగి ఉంది. కుడి చేయి గుండీ దగ్గర నుంచి జారి కిందికి వేలాడుతోంది. కళ్ళల్లో ఉన్న భయం మాత్రం స్పష్టంగా ఉంది. ఆ భయానికి మాట లేదు, అంతే.

గచ్చిబౌలి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా మెల్లగా చెప్పింది. మెదడుకు ఎడమవైపు రక్తం గడ్డ అడ్డుపడిందనీ, మాట పుట్టే చోట దెబ్బ తగిలిందనీ.

"మాటలన్నీ పోయాయాండీ?"

"పోలేదమ్మా, లోపలే ఉన్నాయి. మీరు చెప్పేవి కూడా అర్థమవుతాయి. బయటికి వచ్చే దారి మూసుకుపోయింది."

దాంతో ఆ ఆదివారం పాటలు లోపలే ఉండిపోయాయి. ఎవరికీ వినిపించలేదు, ఎక్కడా రాసుకోలేదు. అతను ఇంటికొచ్చాక నేను చాలాసేపు అతని నుదుటి మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. అవి ఇక్కడే, ఈ చర్మం కిందే ఉన్నాయి కదా అనిపించేది.

ఒక్క మాట మిగిలింది, 'ఇగ'. ఆకలేస్తే ఇగ. కోపమొస్తే ఇగ. కిటికీలోంచి వాన చూపిస్తే ఇగ. బోరబండ నుంచి అత్తమ్మ వచ్చి మాతోనే ఉండిపోయింది. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని, "మాటల పుట్ట లెక్క ఉండె నా కొడుకు. గిట్లయిందేంది బిడ్డా," అని అడిగేది. అతను తల్లి వైపు చూసి, ఓదార్చే గొంతుతో, "ఇగ, ఇగ," అనేవాడు.

మాటలు నేర్పే అమ్మాయి వారంలో కొన్ని రోజులు ఇంటికొచ్చేది. బొమ్మల కార్డులు చూపించేది. కప్పు, తాళం, కుక్క. పాటలో ఒక్క మాట తేడా వస్తే పడుకోని మనిషి, కుక్క బొమ్మ ముందు చెమటలు కక్కుతూ పెదాలు కదిపేవాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడేదాన్ని.

బతుకమ్మ పండుగ వచ్చింది. అత్తమ్మ బాల్కనీలో బంతిపూలు పరుచుకుని, చిన్న బతుకమ్మనైనా పేర్చాలని కూర్చుంది. పేరుస్తూ తనకు తెలియకుండానే పాట అందుకుంది. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. కాసేపటికి రెండో గొంతు వినిపించింది, మగ గొంతు. మాటలతో సహా, ఒక్క అక్షరం తొణక్కుండా.

పరుగెత్తుకెళ్ళాను. అత్తమ్మ చేతిలో పూవు చేతిలోనే ఉంది, పాట మాత్రం ఆపలేదు. ఆపితే అతనూ ఆగిపోతాడని ఆమెకెలా తెలిసిందో. ఏడుస్తూ పాడుతోంది. అతను నవ్వుతూ పాడుతున్నాడు.

అటక మీది కీబోర్డు దింపాను. దుమ్ము కూడా తుడవకుండా రైలు పాట వాయించాను. మొత్తం పాడాడు. ప్రతి చరణం, మధ్యలో అతను వేసే 'హా' అనే కేకతో సహా. నేను అతని రెండు చేతులూ పట్టుకుని, "ఇప్పుడు నా పేరు చెప్పు," అన్నాను.

నోరు తెరిచాడు. "ఇగ," అన్నాడు. ఆ మాట తన చెవినే పడి మొహం మారిపోయింది.

మాటలు నేర్పే అమ్మాయికి చెబితే ఎగిరి గంతేసింది. మాటకూ పాటకూ మెదడులో దారులు కొంత వేరుగా ఉంటాయట. మామూలు అవసరాలను చిన్న చిన్న బాణీల్లో కట్టి పాడిస్తే, వాటితో నెట్టుకురావచ్చని చెప్పింది. "మీకు సంగీతం వచ్చు కదా మేడమ్, మీరే కట్టండి," అంది.

జీవితంలో ఒక్క పాట రాయలేదు నేను. ఇంట్లో పాటలు రాసే మనిషి ఉండగా ఆ అవసరం ఏముంది? మొదటి పాట మంచినీళ్ళ మీద. 'నాకు నీళ్ళు కావాలి' అని మోహన రాగంలో అందంగా కట్టి వినిపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పాడాను. ఎడమ చేత్తో మంచం పట్టీ మీద టక టక కొట్టి, విసుగ్గా నా వైపు చూశాడు. మాట మొత్తం పోయినా బాగోలేని పాటను ఒప్పుకోవడం మాత్రం రాలేదు అతనికి.

అత్తమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. "గట్లంటే వానికెట్లొస్తది బిడ్డా? 'కావాలి' అని వాడు ఎన్నడన్న అన్నడా? గావాలె అను."

అతను కొట్టిన దెబ్బ మీదే పెట్టి పాడాను. నీళ్ళు గావాలె, నీళ్ళు గావాలె. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. పెదాలు కదిలాయి. "నీళ్ళు గావాలె," అని పాడాడు. గ్లాసు నోటికందిస్తే గటగటా తాగి, మళ్ళీ పాడాడు. దాహం లేకపోయినా తాగాడు ఆ పూట. నేను రాసిన మొదటి పాట అది.

ఇక రోజూ అదే పని. ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, నేనూ అత్తమ్మా వంటింట్లో కూర్చుని పాటలు కట్టేవాళ్ళం. నేను 'నొప్పిగా ఉంది' అంటే ఆమె 'గుంజుతుంది' అనేది. నేను 'చాలా ఉక్కగా ఉంది' అంటే ఆమె 'ఉబ్బరిస్తుంది, ఫ్యాన్ ఎయ్' అనేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని తెలుగు వినడమే గానీ నా నోటితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇప్పుడు నా నాలుకను అటు తిప్పుకున్నాను. అవి పాటలని ఎవరూ అనరు. కాలు గుంజుతుంది, బయటికి తోల్కపో, అన్నం సాలు, లైట్ బంద్ చెయ్. కానీ ప్రతిదాన్నీ ముందు అతనికి వినిపించాలి. నచ్చితే ఎడమ చెయ్యి తాళం వేసేది. నచ్చకపోతే మొహం గోడకు తిప్పేసుకునేవాడు. బ్యాండులో నా కీబోర్డు ముక్కల్ని కూడా అలాగే తిప్పికొట్టేవాడు. అలా మొహం తిప్పుకున్న రోజు నాకు లోలోపల సంతోషంగా ఉండేది. అతను ఇంకా అతనే అనిపించేది.

నా పేరు మాత్రం రాలేదు. ఎన్ని బాణీల్లో కట్టానో. డప్పు దెబ్బలో, జోలలో, అతని సొంత పాటల వరసల్లో. పేరు దగ్గరికి రాగానే గొంతు తడబడేది, 'ఇగ' వచ్చి పడేది. ఒకరోజు అలా ప్రయత్నించి ప్రయత్నించి, ఎడమ పిడికిలితో తన తల మీద తనే కొట్టుకున్నాడు. అత్తమ్మా నేనూ కలిసి ఆ చెయ్యి పట్టి ఆపాల్సివచ్చింది. "వద్దు, పేరు వద్దు. నాకు తెలుసు, నాకు తెలుసు," అన్నాను. ఆ తర్వాత నా పేరు ఎప్పుడూ పాడించలేదు.

కానీ పాత పాటలన్నీ వచ్చేవి. బోరబండ స్టేషన్ అమ్మాయి పాట కూడా వచ్చేది. పొద్దున బాల్కనీలో ఎండకు కూర్చోబెడితే తనంతట తాను అదే అందుకునేవాడు. ఆమె పేరు అతని నోటి నుంచి గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఖంగున పలికేది. ఎన్నడూ మాట్లాడని అమ్మాయి పేరు. ఆ పేరు మీద నాకేం కోపం ఉంటుంది? అయినా లోపల ఎక్కడో కోసుకుపోయేది. అతనూ ఒకసారి పాడుతూ పాడుతూ నన్ను చూసి మధ్యలో ఆపేశాడు. నేనే వెళ్ళి కీబోర్డు మీద మిగతా పల్లవి వాయించాను. పాడు, పాడు అన్నాను. పాడాడు, తల దించుకుని.

పాట ఎదురుగా లేనివాళ్ళ కోసమని తనే అన్నాడు కదా. పాటలో దాచి ఉంటే నా పేరు కూడా మిగిలేదని ఆ పొద్దుటి పూట తెలిసింది నాకు. అతనికీ తెలిసే ఉంటుంది.

కొన్ని నెలలకు డ్రమ్స్ అతను ఒక కబురు తెచ్చాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద కంపెనీ వేడుకలో కొత్త బ్యాండొకటి రైలు పాట పాడబోతోందట. రాసిన మనిషి వచ్చి వాళ్ళతో ఒక్కసారి గొంతు కలిపితే బాగుంటుందన్నారట. అతన్ని అడిగితే ఎడమ చేత్తో తాళం వేశాడు.

నల్ల చొక్కా వేశాం. అత్తమ్మ దిష్టి తీసింది. మధ్యాహ్నం పూట పెద్ద హాలు, కుర్రవాళ్ళంతా మెడల్లో కార్డులు వేలాడేసుకుని నిలబడ్డారు. డ్రమ్స్ అతను పక్కన పట్టుకుంటే మెట్లెక్కాడు. పాట మొదలైంది. అతను పాడాడు. కుడి చెయ్యి జేబులో పెట్టించాం కాబట్టి, జబ్బు సంగతి ఎవరికీ తెలియలేదు. హాలు మొత్తం అతనితో పాటు పాడింది. అంత మంది మధ్య అతని మొహం చూసి, దేవుడా, ఇలా ఉంచెయ్ చాలు అనుకున్నాను.

పాట అయిపోయింది. వ్యాఖ్యానం చేసే అమ్మాయి ఏమీ తెలియక సంబరంగా మైకు అందించింది. "సర్, ఈ పాట ఎలా పుట్టిందో రెండు మాటలు చెప్పండి!"

నేను స్టేజీ వైపు కదిలేలోపే అతను మైకు పట్టుకున్నాడు. చెప్పగలననుకున్నాడు. ఇంతసేపూ మాటలు అంత బాగా వచ్చాయి కదా. హాలు చప్పుడు ఆపి వింటోంది.

"ఇగ," అన్నాడు. "ఇగ... ఇగ..."

అది అతని తరహా అనుకున్నారు. ఈలలు వేశారు. వెనక నుంచి ఎవరో "ఇగ!" అని అరిచారు. ఇంకొందరు అందుకున్నారు. హాలు మొత్తం చప్పట్లు కొడుతూ ఇగ, ఇగ, ఇగ అంటోంది. వాళ్ళలో ఎగతాళి లేదు, అభిమానమే. అతను మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాళ్ళ వైపు చూశాడు. తర్వాత నా కోసం వెతికాడు.

ఇంటికొచ్చే దారిలో కారు అద్దం వైపు తిరిగి ఏడ్చాడు. చప్పుడు లేకుండా. నేను అతని భుజం మీద చెయ్యి వేస్తే తీసేయలేదు, అంతే.

ఆ తర్వాత పాడలేదు. పాత పాటలూ లేవు, నేను కట్టినవీ లేవు. దాహమేస్తే గ్లాసు చూపించేవాడు. మాటలు నేర్పే అమ్మాయి బతిమాలింది. అత్తమ్మ కూర్చుని పాడి పాడి చూసింది. పాట రాక కాదు, తనే మానేశాడు. ఎలా తెలుసంటే, ఒకటి రెండుసార్లు నిద్రలో కూనిరాగం వినిపించింది. మెలకువ రాగానే పెదాలు బిగించుకునేవాడు.

వానాకాలం మధ్యలో రెండోసారి వచ్చింది జబ్బు. ఈసారి డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం, అత్తమ్మ కాళ్ళు ఒత్తుతుండగా, నేను తడిగుడ్డతో మొహం తుడుస్తుండగా పోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాడని నేను అనుకున్నాను, తననే చూస్తున్నాడని అత్తమ్మ అనుకుంది. ఈ సంగతి ఇద్దరం తర్వాత ఒకరికొకరు చెప్పుకున్నాం.

బోరబండలోనే చేశాం అన్నీ. గల్లీ వాళ్ళు డప్పు పెట్టారు. డ్రమ్స్ అతను వాళ్ళ దగ్గర ఒక డప్పు తీసుకుని ముందు నడిచాడు. నేను వెనక ఆడవాళ్ళతో ఉండిపోయాను.

కర్మకాండలయ్యాక మా అమ్మ నన్ను చందానగర్ వచ్చేయమంది. అత్తమ్మ కూడా అదే మాట. "పో బిడ్డా. అమ్మోళ్ళింటికి పో. నా ఫికర్ చెయ్యకు." తను బోరబండకు పోతానని మూట కూడా కట్టుకుంది. ఆ మూట నేనే విప్పి, చీరలు మళ్ళీ బీరువాలో పెట్టాను.

ఇప్పుడు కొండాపూర్ ఇంట్లో మేమిద్దరమే. నేను ఆఫీసుకు వెళ్తాను. ఇంటి నుంచే పని చేసుకోమన్నారు గానీ, ఆ ఇంట్లో పగలంతా కూర్చోలేను. అత్తమ్మ మాత్రం ఎలా కూర్చుంటోందో తెలియదు. నేను వచ్చేసరికి గుమ్మంలో చాప వేసుకుని ఏదో ఒకటి ఏరుతూ ఉంటుంది.

మొన్నొక సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ అడిగింది. "ఇన్నేండ్లయింది, ఎన్నడూ అడగలే. ఆడ ఏం పని జేస్తవ్ బిడ్డా?"

"వేరేవాళ్ళు తయారుచేసిన వాటిల్లో తప్పులు వెతుకుతాను అత్తమ్మా."

"దొరుకుతయా?"

"దొరుకుతాయి."

"దొరికితే?"

"చెప్తాను. వాళ్ళు సరిచేస్తారు."

"మంచి పనే," అని చేటలోంచి ఒక రాయి ఏరి పడేసింది. ఆ పూట వంకాయ కూర వండింది. ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆ తప్పు ఇద్దరికీ తెలిసింది. ఎవరమూ చెప్పలేదు, అలాగే తినేశాం.